పోగొట్టుకున్నవాళ్ళకి టైము తెలియదు

"మీ అమ్మాయి కాలుజారి పడిందని మీకెవరు చెప్పారు?"

"రాసిచ్చింది స్టేషన్లో వాళ్ళే కదమ్మా! నాకు చదువు రాదు. వేలిముద్ర వెయ్యమన్నారు, వేశా."

పిల్ల తల్లి సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన పసుపు కాగితం తీసింది. పోలీసు శాఖ ఆడిట్ ఇన్‌స్పెక్టరు దాన్ని ఆసుపత్రి మంచం అంచున పరిచి చదివింది. 'కాలుజారి పడుట వలన చేతిసంచి, అందులో సెల్‌ఫోను, కత్తెర, టిఫిన్ డబ్బా పోగొట్టుకొనడమైనది. స్థలం: పంపుహౌసు సందు. శుక్రవారం, సాయంత్రం 7 గంటల 43 నిమిషాలు.'

చివరి ముక్క ఆమె మళ్ళీ చదివింది. ఏడూ నలభై మూడు.

మంచం మీద ఇరవై రెండేళ్ళ పిల్ల. కుట్టు కంపెనీలో మిషన్ మీద పని. తలకి కట్టు, మూడు రోజులుగా స్పృహ లేదు. కేసుషీటులో డాక్టరు రెండు దెబ్బలని రాశాడు, ఒకటి చెవి పైన, ఇంకొకటి నడినెత్తిన. ఒక్కసారి పడ్డ మనిషికి రెండు చోట్ల ఎలా పగిలిందో పసుపు కాగితం రాసిన మహానుభావుడే చెప్పాలి.

"ఈ టైము ఎలా తెలిసింది అక్కా?"

"వెనకాల దీని తోటిపిల్ల ఒకత్తి వస్తోందమ్మా. అరుపు విని పరుగెత్తింది. అప్పుడే అంబులెన్సుకి ఫోను చేసింది. ఆ ఫోనులో ఉంది టైము. స్టేషన్లో అడిగితే అదే చెప్పా."

"అమ్మాయి ఏమైనా మాట్లాడిందా?"

"కబురు విని పరుగెత్తి నేనూ అంబులెన్సు ఎక్కా. అందులో ఒకే ఒక్క ముక్క. 'ఎవరికి చెప్పుకుంటామే అమ్మా' అంది. తర్వాత కళ్ళు మూసేసింది." తల్లి పిల్ల మీద దుప్పటి సరిచేసింది. "నాకు చెప్పుకోవచ్చు కదమ్మా? నేను లేనా?"

సెలైను మార్చడానికి వచ్చిన నర్సు, వాపు తగ్గుతోందని, సాయంత్రానికి మాట రావచ్చని చెప్పింది. తల్లి నర్సు రెండు చేతులూ పట్టేసుకుంది.

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంది. ఒకటీ ఇరవై. నెలాఖరు సోమవారం. సాయంత్రం అయిదింటికి ఈ నెల నేరాల లెక్క మూతపడుతుంది. అయిదు దాటితే హెడ్డాఫీసు కంప్యూటరు ఒక్క అంకె కూడా మార్చనివ్వదు. అంతకంటే ఘోరం ఇంకోటుంది. పసుపు కాగితాల పుస్తకాలు లెక్కలోకి రావు కాబట్టి నెల మారగానే వాటిని చించి తుక్కుకి వేస్తారు. ఆ తర్వాత ఈ పిల్లని ఎవరూ కొట్టలేదు. కొట్టినవాడే లేనప్పుడు వాణ్ణి వెతికేవాడూ ఉండడు.

"అక్కా, మీ అమ్మాయిని కొట్టారని ఇవ్వాళ అయిదులోపల స్టేషన్లో రాయిస్తా. నేనొచ్చేదాకా ఇక్కణ్ణించి కదలకండి."

"రాస్తారంటావామ్మా?"

"వాళ్ళెందుకు రాయరో నేనూ చూస్తా," అంది ఆమె.

డిపార్టుమెంటులో ఆమెకి జల్లెడ అని పేరు. ఎదురుగా మేడమ్, వెనకాల జల్లెడ. అయిదేళ్ళ క్రితం ఒక పెద్దాయన బావమరిది మీద కేసు రాసింది. కొట్టేయమన్నా కొట్టెయ్యలేదు. ఆ పుణ్యానికి తుపాకీ తీసేసుకుని నేర గణాంకాల ఆఫీసులో కుర్చీ వేశారు. అంకెల మధ్య కూర్చోబెడితే నోరు మూసుకుంటుందనుకున్నారు, పాపం! ఆమె అంకెల్నే పట్టుకుని నిలదీయడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆమె నిలదీయబోతున్నది మామూలు స్టేషన్ని కాదు. మూడు నెలలుగా అక్కడ దారిదోపిడీలు సున్నా. అధికారికి సున్నా సారు అని ముద్దుపేరు కూడా వచ్చింది. రేపు పొద్దున ఆయనకి షీల్డు ఇస్తున్నారు. సున్నా సారూ జల్లెడా ఒకే బ్యాచి, ఒకే మైదానంలో కలిసి పరుగెత్తినవాళ్ళు.

రెండింటికి ఆమె స్టేషనుకి వెళ్ళేసరికి సున్నా సారు లేడు, షీల్డు తాలూకు రిహార్సలుకి వెళ్ళాడు. రైటరు ఒక్కడే ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చున్నాడు. అతని ముందు రెండు పుస్తకాలున్నాయి. తెల్లది నేరాలకి. అందులో రాసింది కంప్యూటరుకెక్కుతుంది, లెక్కలోకి వస్తుంది. పసుపుది వస్తువులు పోగొట్టుకున్నవాళ్ళకి. కొత్త సిమ్ముకో కొత్త కార్డుకో ఆ చీటీ ఉంటే చాలు, అదెవరి లెక్కలోకీ రాదు.

జల్లెడ ఆడిట్ ఉత్తర్వు చూపించి పసుపు పుస్తకం లాక్కుంది. ఈ నెల చీటీలు నలభై ఒకటి. ఒక్కొక్కటే తిప్పుతూ పోయింది. 'బస్సులోనో బజారులోనో తెలియదు.' 'సుమారు మధ్యాహ్నం, ఇంటికి వెళ్ళి చూసుకోగా లేదు.' 'ఎప్పుడు జారిపోయినదో గుర్తులేదు.' ముప్పై మూడు చీటీలు ఇదే వరస. మిగతా ఎనిమిదిటినీ బల్లమీద వరసగా పెట్టింది.

"రైటరుగారూ, మీ కళ్ళజోడు ఎప్పుడైనా పోయిందా?"

"పోయింది మేడమ్. పోయినేడు."

"ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి పోయింది?"

రైటరు నవ్వబోయి ఆగిపోయాడు.

"చెప్పలేరు కదా? పోగొట్టుకున్నవాళ్ళకి టైము తెలియదు. చేతిలోంచి లాక్కుంటేనే నిమిషంతో సహా గుర్తుంటుంది. ఈ ఎనిమిది చూడండి. ఏడూ నలభై నాలుగు. ఏడూ నలభై ఆరు. ఏడూ నలభై మూడు. అందరూ ఆడవాళ్ళే, అందరూ కుట్టు కంపెనీవాళ్ళే, అందరికీ పంపుహౌసు సందే. నాలుగు మంగళవారాలు, నాలుగు శుక్రవారాలు. ఏమండీ, ఈ ఊళ్ళో సంచులు వారం చూసుకుని జారిపోతాయా?"

రైటరు చీటీల అంచులు సర్దాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, వేలికి సిరా మరక.

"పసుపులో రాయమన్నది ఎవరు?"

"మీకు తెలియంది ఏముంది మేడమ్..."

"నాకు తెలియడం వేరు, మీరు చెప్పడం వేరు."

"సారే. తెల్లదాంట్లో రాస్తే కోర్టు చుట్టూ తిరగాలమ్మా, పసుపుదైతే సాయంత్రానికి సిమ్ము వస్తుంది అని చెప్పమన్నారు. అలాగే చెప్పాను. వాళ్ళు సరే అన్నారు. వెనకనుంచి లాక్కున్నాడు, మనిషిని చూడలేదు అనే అన్నారు అందరూ."

"మరి నిమిషాలెందుకు రాశారు? అది రాయమని సారు చెప్పలేదే?"

రైటరు కలానికి మూత పెట్టాడు. "ముప్పై ఏళ్ళ అలవాటు మేడమ్. ఆడమనిషి ఏడుస్తూ కిటికీ దగ్గరికి వస్తే నా నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే, 'ఎప్పుడమ్మా, ఎన్నింటికి?' పుస్తకం రంగు మార్చమన్నారు, మార్చాను. ఆ అడగడం మాత్రం మానలేకపోయాను."

ఆమెకి అతని మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. కోపాన్నే పైకి కనిపించనిచ్చింది. "మొదటిదాన్ని తెల్లదాంట్లో రాసుంటే రెండోవారానికే ఆ సందులో మనిషిని పెట్టేవాళ్ళు. ఆ పిల్ల ఎనిమిదోది రైటరుగారూ."

ఎనిమిది చీటీలకీ ఫొటోలు తీసుకుని, పుస్తకానికి ఆడిట్ సీలు వేసి, సంచిలో పెట్టుకుని బయటపడింది.

మూడూ పదికి పంపుహౌసు సందులో ఉంది. సందంటే ఒక పక్క పంపుహౌసు గోడ, ఇంకోపక్క గోడౌను గోడ, మధ్యలో ఇద్దరు పట్టేంత దారి. కంపెనీ గేటు నుంచి బస్సుస్టాపుకి అడ్డదారి. ఆమె అడుగులు లెక్కపెట్టింది. నలభై. మధ్యలో మలుపు లేదు. ఉన్న తలుపు ఒక్కటే, పంపుహౌసుది, అవతలి కొసన. సందు మొదట్లో దీపస్తంభానికి రేకు డబ్బా, అందులో బీటు పుస్తకం. గస్తీకి వచ్చిన కానిస్టేబులు అక్కడ ఆగి తేదీ, టైము, తన బిళ్ళ నంబరు రాసి పోవాలి. నిద్రపోకుండా కాపలా కాస్తున్నాడనడానికి డిపార్టుమెంటుకి అదొక్కటే సాక్ష్యం.

ఆడిట్ తాళంచెవితో డబ్బా తెరిచి నెల మొదటి నుంచీ చూసింది. మిగతా రోజుల్లో వేరేవేరే నంబర్లు, టైములు కూడా ఎవరికి తోచినట్టు వాళ్ళవి. మంగళ, శుక్రవారాల్లో మాత్రం ఒకే నంబరు. ఇరవై ఏడు. టైము ఏడూ నలభై, ఏడూ నలభై ఒకటి, ఏడూ నలభై. పక్కన రాసిన మాట కూడా అన్నిసార్లూ ఒకటే, 'ప్రశాంతం'.

ఫోనులో ఎనిమిది చీటీలూ తీసి ఒక్కొక్కటే పక్కన పెట్టి చూసింది. సంతకం పెట్టిన మూడు నిమిషాలకో అయిదు నిమిషాలకో సంచి పోయింది. ఎనిమిదిసార్లూ అంతే!

పంపుహౌసు తలుపులో ఆపరేటరు నిలబడి బీడీ కాలుస్తున్నాడు. ఆమె స్తంభం దగ్గరే ఉండి మామూలు గొంతుతో అడిగింది, "ఏమయ్యా, నా మాట వినిపిస్తోందా?"

"ఎందుకు వినపడదు మేడమ్?" అతనూ గొంతు పెంచలేదు.

ఆమె నడిచి వెళ్ళింది. "ఇంత బాగా వినిపిస్తే అరుపులూ వినిపించి ఉండాలే?"

ఆపరేటరు బీడీ కింద పడేశాడు. "వారానికి రెండుసార్లు వినపడేవి. నాకేం పోయిందిలే అని ఊరుకునే రకం కాదు మేడమ్ నేను, ప్రతిసారీ బయటికొచ్చా. వచ్చేసరికి పోలీసాయన సందులోనే ఉంటాడు. తాగుబోతు గొడవ, నేను సర్దేశా, నువ్వు లోపలికి పో అంటాడు. పోలీసే ఉన్నాక ఇంక నేనేం చేస్తాను?"

"మొహం చూశావా?"

"హెల్మెట్టు తీస్తేగా! పొడుగ్గా ఉంటాడు, అంతే తెలుసు."

ఏడుగురి దగ్గర సంచి లాక్కుని వదిలేసినవాడు ఎనిమిదో పిల్లని రెండు దెబ్బలు ఎందుకు కొట్టాడు? ఆ పిల్ల హెల్మెట్టు పట్టుకుని లాగి ఉంటుంది. చూసి ఉంటుంది. 'ఎవరికి చెప్పుకుంటామే అమ్మా' అన్నది సంధి మాట కాదు. దోచింది పోలీసయితే నిజంగానే ఎవరికి చెప్పుకోవాలి?

అప్పుడే ఆమె పైఅధికారి, గణాంకాల ఆఫీసు డైరెక్టరు ఫోను చేశాడు. "ఎక్కడున్నావమ్మా? రేపు షీల్డు పెట్టుకుని ఇవ్వాళ ఆ స్టేషన్ని కెలుకుతావా? ఫైలు అక్కడ పడేసి వచ్చెయ్."

"ఆ మాట కాగితం మీద పెట్టి పంపండి సార్."

"నోటితో చెబితే చాలదా?"

"చాలదు సార్. నేను లెక్కలమనిషిని కదా, రాసిందే చదువుతాను." ఫోను పెట్టేసి బీటు పుస్తకాన్ని కూడా సంచిలో వేసుకుంది.

నాలుగూ పదికి స్టేషనుకి తిరిగి వచ్చింది. ఈసారి సున్నా సారు గుమ్మంలోనే ఎదురయ్యాడు. ఇస్త్రీ మడత నలగని యూనిఫారం, మొహం మాత్రం కందగడ్డ.

"నా రైటర్ని బెదిరించి నా పుస్తకం ఎత్తుకుపోయావట?"

"ఎత్తుకుపోవడం కాదు. పోగొట్టుకున్నావని పసుపు చీటీ రాసుకో. నీకు అలవాటేగా!"

లోపలున్న ఇద్దరు కానిస్టేబుళ్ళు దగ్గొచ్చినట్టు నటించారు. సున్నా సారు ఆమెని తన గదిలోకి లాక్కెళ్ళినంత పని చేసి తలుపేశాడు.

"ఏం కావాలి నీకు?"

"ఎనిమిది దోపిడీలు. అందులో ఎనిమిదోది హత్యాయత్నం. అయిదులోపల తెల్ల పుస్తకంలోకి ఎక్కాలి."

"పిచ్చిదానా! ఎనిమిది ఎక్కితే రేపు నన్నిక్కడ ఉంచరు. నా కుర్చీలోకి వచ్చేవాడు ఇంకో సున్నా వేస్తాడు. ఈ పద్ధతి నేను కనిపెట్టానా? పైనుంచి ప్రతి నెలా 'తగ్గిందా, తగ్గిందా' అని అడుగుతుంటే ఏం చెయ్యమంటావ్? పేపర్లో సున్నా చూస్తే జనం హాయిగా పడుకుంటున్నారు. వాళ్ళ నిద్ర పాడుచేస్తే నీకేం వస్తుంది?"

"హాయిగా పడుకున్నది నువ్వు. ఆ ఆడవాళ్ళు ఆ సందులోంచి నడిచారు. అక్కడ ఏడుగురికి సంచులు పోయాయని ఒక్కరికి తెలిసినా ఎనిమిదో పిల్ల ఆ దారి తొక్కేదా? నువ్వు దాచింది అంకె అనుకుంటున్నావేమో. గుంట తవ్వి పైన గడ్డి కప్పావు, అంతే!"

"నీతులు చెప్పకు. నీ సత్యసంధతకి ఏం దక్కింది? అయిదేళ్ళుగా ఒక మూల కుర్చీ."

"కుర్చీ ఎక్కడ వేసినా కూర్చునేది నేనేగా," అంది జల్లెడ. "రైటర్ని పిలు."

అతను పిలవలేదు, ఫోను తీసి ఎవరికో కబురు పెట్టాడు. నాలుగూ ముప్పై ఎనిమిదికి ఆమె ఫోనులో ఉత్తర్వు వచ్చి పడింది. ఆడిట్ బాధ్యతల నుంచి తప్పించడమైనది, తక్షణం అమలు. ఆ వెంటనే ఆమె పాస్‌వర్డు కూడా చచ్చిపోయింది. అడిగినట్టే కాగితం మీద పెట్టారు మరి.

సున్నా సారు చెయ్యి చాచాడు. "పుస్తకాలు."

"ఇవ్వను."

"ఇప్పుడు నువ్వు ఆడిటువి కూడా కాదు!"

"కాదు. మామూలు మనిషిని, నేరం జరిగిందని ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చాను. ఫిర్యాదు తీసుకోనని నీ నోటితో చెప్పు, అందరూ వింటారు." ఆమె తలుపు బార్లా తెరిచి కిటికీ దగ్గరికి నడిచి, రెండు పుస్తకాలూ రైటరు ముందు పెట్టింది. "ఎప్పుడమ్మా, ఎన్నింటికి అని అడగండి రైటరుగారూ."

రైటరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సున్నా సారు వెనకనుంచి గట్టిగా, "చెయ్యి వేశావంటే పెన్షను మర్చిపో!" అన్నాడు.

"ఇంకా పద్దెనిమిది నెలలుంది సార్," అన్నాడు రైటరు మెల్లగా. "ఈలోగా ఎనిమిది రాయగలను." తెల్ల పుస్తకం ముందుకు లాక్కుని, కంప్యూటర్లో తన పాస్‌వర్డు కొట్టాడు.

ఆమె చదువుతుంటే అతను ఎక్కించాడు. ఒకటో కేసు నాలుగూ నలభై రెండుకి. నాలుగోది నలభై తొమ్మిదికి. సున్నా సారు అరిచాడు, బతిమాలాడు, చివరికి కరెంటు స్విచ్చి వైపు అడుగేశాడు. కిటికీ అవతల ఏదో పనిమీద వచ్చిన నలుగురు మనుషులు ఫోన్లు ఎత్తి పట్టుకోవడం చూసి అక్కడే ఆగిపోయాడు. ఎనిమిదో కేసుకి తెరమీద నంబరు పడేసరికి నాలుగూ యాభై ఆరు. కాలుజారి పడిందన్న పిల్ల లెక్కలోకి వచ్చింది. జల్లెడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు కూడా.

"నాశనం చేశావు," అన్నాడు సున్నా సారు కుర్చీలో కూలబడి. "అయినా నేనేం రాక్షసుణ్ణి కాదు. ఆ పిల్లకి కాపలా కూడా పెట్టించా తెలుసా? నువ్వెళ్ళి వాళ్ళమ్మని ఉసిగొల్పావని తెలిసి మూడింటికే మనిషిని పంపా. ఎవర్నీ లోపలికి రానివ్వద్దని."

జల్లెడ వింటూనే బీటు పుస్తకం తెరుస్తోంది. "ఇంకొక్క ప్రశ్న ఉంది. బిళ్ళ నంబరు ఇరవై ఏడు ఎవరిది?"

"ఎందుకు?"

"ఆ సందులో ఎనిమిదిసార్లూ దోపిడీకి కొద్ది నిమిషాల ముందు సంతకం పెట్టినవాడు. అరుపు విని బయటికొచ్చిన ఆపరేటర్ని లోపలికి తరిమినవాడు. నువ్వు అంకె దాచాననుకున్నావు, దాచింది వాణ్ణేనని నీకు తెలియదు. చెప్పు, ఎవరు?"

సున్నా సారు చూపు గోడమీద ఫొటోకి వెళ్ళింది. నేరం లేని బీటు అని రాసిన పట్టీ కింద, అతనే స్వయంగా ఒక పొడుగాటి కానిస్టేబులు జేబుకి పతకం పెడుతున్నాడు. ఇద్దరూ నవ్వుతున్నారు.

"వాడు... నా స్టేషన్లో అందరికంటే నమ్మకమైనవాడు," అన్నాడు. "అందుకే వాణ్ణే పంపా."

ఆమె అప్పటికే పిల్ల తల్లికి ఫోను కలిపి వాకిట్లోకి పరుగెడుతోంది. వెనకాల జీపు తాళాలు లాక్కుని సున్నా సారు కూడా పరుగెత్తాడు. నాలుగో రింగుకి తల్లి ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు, జనం గోల. గొంతులో మూడు రోజులుగా లేని సంతోషం.

"అమ్మా, నీకే చేద్దామనుకుంటున్నా! పిల్ల కళ్ళు తెరిచిందమ్మా, నన్ను గుర్తుపట్టింది!"

"అక్కా, మీరెక్కడున్నారు?"

"కింద కాంటీన్లో. కాపలాకొచ్చిన పోలీసాయన బంగారంలాంటి మనిషమ్మా. పొద్దుట్నుంచీ ఏం తిన్నావో ఏమో, పోయి టీ తాగిరా పెద్దమ్మా, పిల్ల దగ్గర నేను కూర్చుంటా అన్నాడు. ఆయన్ని చూసేసరికి ఇది బెదిరిపోయి నా చెయ్యి వదిలితే ఒట్టు! పోలీసాయనే కదే, ఎందుకే భయం అని నచ్చజెప్పి, వేళ్ళు విడిపించుకుని వచ్చా."